బావ చెంబు, అక్క రక్తం

2024 జూన్ పద్దెనిమిదో తేదీ, మంగళవారం, పగలు పన్నెండు గంటల నలభై నిమిషాలకు, నగరిలో మా బావ కర్మంతరం భోజనాల పంక్తిలో నా విస్తట్లో చారు పడింది. వడ్డించే మనిషి ముందుకు కదలకముందే నా పక్కన కూర్చున్న మరమగ్గాల ఆసామి ఆ చారును వేలితో నాలుకకు రాసుకుని నిట్టూర్చాడు.

"ఏం సారప్పా ఇది! ఆయప్ప సెంబులో కాసిన సారు తాగిన నోటికి కడుగునీళ్ల మాదిరి ఉండాది."

"సెంబు పాయ, మనిషీ పాయ," అని ఎదుటి వరుసలోంచి ఒక పెద్దాయన అందుకున్నాడు. "ఇంగ ఆ రుసి యాడ దొరుకుతాది?"

వరుసంతా తలలూపింది. ఒకరిద్దరి కళ్లు చెమర్చాయి కూడా. పంక్తి మధ్యలో లేవకూడదని తెలిసినా విస్తరి మడిచి లేచి, పెరట్లో కుళాయి దగ్గర చాలాసేపు చేతులు కడుక్కున్నాను. పోయినవారి గురించి మంచి మాటలే చెప్పాలన్న మర్యాద నేనూ ఎరుగుదును. అయితే ఆ రోజు ఆ పందిట్లో అందరూ పొగిడింది ఏ చారునో, ఆ చారు మా అక్క రక్తంలో ఏ రూపంలో తిరిగిందో తెలిసినవాణ్ణి నేనొక్కణ్ణే. ఇది రాయాలని అప్పుడే నిశ్చయించుకున్నాను.

మాది పుత్తూరు. మేమూ నేతవాళ్లమే. అక్కను నగరిలో ఎనిమిది మరమగ్గాలున్న ఇంటికి ఇచ్చారు. ఆ వీధిలో మగ్గాల చప్పుడుకు అందరూ అరిచినట్టు మాట్లాడతారు. బావ మాత్రం గొంతు తగ్గించి మాట్లాడేవాడు, ఎదుటివాళ్లు వంగి చెవి దగ్గర పెట్టి వినాలని. ఎవరైనా "ఏమంటివి?" అని రెండోసారి అడిగితే ఆయనకు తృప్తి. తెల్ల పంచె, ఇస్త్రీ చెడని చొక్కా. దుమ్ముపడిన కుర్చీలో కూర్చునేవాడు కాదు. ఇంకొకరి గ్లాసు ముట్టేవాడు కాదు. ఇంత శుభ్రత గల మనిషి అన్నం ముందు కూర్చుంటే మాత్రం చూడడానికి నాకు ధైర్యం చాలేది కాదు.

ముందు చెంబు మూత వేలెడంత ఎత్తి, ఒక ముక్కు మూసుకుని రెండో ముక్కుతో ఆవిరి పీల్చేవాడు. తర్వాత కుడి అరచేతిని గుంటగా చేసి అందులో చారు పోయించుకునేవాడు. పోయవలసింది అక్క. అరచేతిలోంచి జుర్రుకుంటుంటే చారు మణికట్టు మీదుగా మోచేతిదాకా కారేది. ఆ ధారను మోచేతి దగ్గర నాలుకతో పట్టుకుని, కిందినుంచి పైకి, మెల్లగా నాకుతూ వచ్చేవాడు. ఆ పని చేస్తున్నప్పుడు కళ్లు మూసుకునేవాడు. అదయ్యాక తేన్చి, పక్కనే తువ్వాలు ఉన్నా, నిలబడి ఉన్న అక్క కొంగు అందుకుని మూతి తుడుచుకునేవాడు. చూసినవాళ్లు దాన్ని అన్యోన్యత అనేవారు.

ఆయన నాలుక మామూలు నాలుక కాదు, ఆ మాట ఒప్పుకోవాలి. నీళ్లు పుక్కిలించి అవి ఏ వీధి బోరు నీళ్లో చెప్పేవాడు. చింతపండు పాతదో కొత్తదో, మిరియాలు దంచి ఎంతసేపయిందో చెప్పేవాడు. అది వరమని ఆయన నమ్మకం. "నాలిక మింద ధ్యాస లేనోడు యాల బతకాల బామ్మర్దీ?" అని నన్ను అడిగేవాడు. నేను సహకార సంఘాల లెక్కలు తనిఖీ చేసే ఉద్యోగిని, మధ్యాహ్నం డబ్బా అన్నం తినేవాణ్ణి. అందువల్ల ఆ ప్రశ్న నన్నుద్దేశించిందే.

ఇక ఆ చెంబు. ఆయన తల్లి కంచినుంచి కాపురానికి వస్తూ తెచ్చుకున్న ఈయం చెంబు, అంటే తగరపు చెంబు, అది. సరిహద్దు ఊళ్లలో పాత ఇళ్లకు ఇది కొత్త కాదు. అచ్చమైన తగరంతో పోసిన చెంబులో చారు కాస్తే దానికొక రుచి వస్తుందని తరతరాలుగా నమ్ముతారు. అచ్చమైన తగరమైనంతవరకు దానితో ముప్పు లేదు. దానికున్న ఇబ్బంది ఒక్కటే. నీళ్లు పోయకుండా మంట మీద పెడితే వెన్నలా కరిగిపోతుంది. ఆ చెంబున్న ప్రతి ఇంట్లోనూ ఎప్పుడో ఒకప్పుడు ఎవరో ఒక కోడలు ఆ పొరపాటు చేసి ఉంటుంది. మా అక్క కూడా చేసింది. పొయ్యి మీద చెంబు పెట్టి చింతపండు రసం కోసం వెనక్కి తిరిగేలోగా మగ్గం దగ్గర పనివాడు పోగు తెగిందని పిలిచాడు. తిరిగి వచ్చేసరికి చెంబు అడుగు లేదు. పొయ్యి కన్నాల్లో వెండిలాంటి చుక్కలు గడ్డకట్టి ఉన్నాయి.

బావ తిట్టలేదు. తిట్టడం ఆయన పద్ధతి కాదు. ఇంట్లో అన్నం మానేసి, రెండు రోజులు హోటలు ఇడ్లీ తెప్పించుకుని అక్క ఎదురుగా కూర్చుని తిన్నాడు. మూడోనాడు మిగిలిన చెంబు ముక్కను గుడ్డలో చుట్టుకుని, పాత్రలు పోతపోసే ఒక ముసలాయన దగ్గరికి వెళ్లాడు. కరిగి పోయినంత లోహం కలిపితే గానీ పాత కొలతకు చెంబు రాదని, తన దగ్గరున్న కొత్త తగరం కలుపుతానని ముసలాయన అన్నాడు. బావకు అది నచ్చలేదు. తల్లి చెంబులో ఎవరిదో ఊరూపేరూ తెలియని లోహం కలవడమా! ఇంటికి వచ్చి అటక ఎక్కాడు. ఆయన తండ్రి నేసిన చేతిమగ్గం భాగాలు అక్కడున్నాయి. బుటా చీరలు నేసే ఆ మగ్గానికి దారాలు బిగువుగా నిలవడం కోసం కింద వేలాడదీసే సీసపు తూకాలు ఒక గోనెసంచిలో ఉన్నాయి. వాటిని తీసుకెళ్లి కరిగించి చెంబులో కలిపించాడు. ముసలాయన వద్దన్నాడో లేదో తెలియదు. బావ కథలో ముసలాయనకు మాటలుండేవి కావు.

ఆ కథ ఎన్నిసార్లు విన్నామో! ప్రతి పండక్కీ, ప్రతి చుట్టానికీ, చెంబు మూత ఎత్తే ముందు, గొంతు తగ్గించి చెప్పేవాడు. "మా యమ్మ సెంబు, మా నాయన మగ్గం. ఇద్దురూ దీంట్లో కలిసిపోయినారప్పా. ఇప్పుడు సారు ఇంగా తియ్యగా ఉండాది, సూడు." వినేవాళ్లు అవునని ఇంకో గ్లాసు అడిగేవారు. పులుపులో కరిగిన సీసానికి ఒకరకం తీపి ఉంటుందని తర్వాత తెలిసింది. అంత కొద్ది మోతాదులో అది నాలుకకు తెలియదని డాక్టరమ్మ అన్నది. బావ నాలుక పట్టుకున్నది సీసాన్నో, తన గొప్పనో నేను తేల్చలేను.

ఆ ఇంట్లో చారు ఎవరు ఎప్పుడు తాగేవారన్నది ఇక్కడ చెప్పాలి. మొదట బావ, పగలు పన్నెండున్నరకు. నేతిలో ముంచిన పప్పన్నం తిని, చారు జుర్రి, గడ్డ పెరుగుతో ముగించేవాడు. తర్వాత చుట్టాలుంటే చుట్టాలు. పనివాళ్ల భోజనాలయ్యాక, పాచి ఊడ్చి, గిన్నెలు కడిగి, మూడు గంటలకు అక్క. పప్పు మిగలదు. పెరుగు ఆయన రాత్రికి కావాలి. అక్కకు చల్లారిన అన్నం, చెంబు అడుగున టమాటా తొక్కలతో చిక్కబడిన చారు. పొద్దుటినుంచి ఆ పులుపు ఆ చెంబులోనే నిలవుండేది. శుక్రవారం ఒక ఒక్కపొద్దు, కొండమీది స్వామికని శనివారం ఇంకొకటి. ఆ రోజుల్లో దినమంతటికీ ఆమె కడుపులో పడే మొదటి పదార్థం ఆ అడుగు చారే. దాన్ని బావ తన ఔదార్యంగా చెప్పుకునేవాడు. "అడుగు సారు మీ యక్కకే ఇడిసి పెడతా బామ్మర్దీ. ఆ రుసి రాజులగ్గూడా దొరకదు."

చెంబు తిరిగి పోతపోయించి ఏడాదిన్నర గడిచేసరికి అక్కకు కడుపునొప్పి మొదలైంది. మెలిపెట్టి, ముడివేసి, వదిలేది. గ్యాసన్నారు, అల్సరన్నారు, ఏవేవో మాత్రలిచ్చారు. మొహం పాలిపోయి సున్నం కొట్టినట్టయింది. వాకిట్లో ముగ్గు వేస్తుంటే వేళ్ల మధ్య పిండి నిలవక జారిపోయేది. తర్వాత గ్లాసులు జారాయి, బిందె జారింది. కుడి మణికట్టు ఎత్తబోతే పూర్తిగా లేవక కిందికి వాలేది. బావ దానికీ ఒక హాస్యం కనిపెట్టాడు.

"మీ యక్క సెయ్యి సూడప్పా, అలిగిన కొత్త పెండ్లికూతురు తల మాదిరి వాలిపోయింది. పని సెయ్యబుద్ది కాకపోతే నోటితో సెప్పచ్చు గదా!"

అక్క కూడా నవ్వింది. అప్పుడు ఆమె చిగుళ్ల అంచున, పళ్ల మొదట్లో, పెన్సిలుతో గీసినట్టు సన్నని నీలపు గీత కనిపించింది. తాంబూలం మరక అనుకున్నాను. కానీ అక్క తాంబూలం వేసుకోదు.

నేనుండే తిరుపతిలో ఒక పెద్దాసుపత్రికి తీసుకొచ్చాను. బావ కూడా వచ్చాడు. డాక్టరమ్మ చిన్న వయసు మనిషి, పలమనేరు వైపు అమ్మాయి. అక్క నోరు తెరిపించి ఆ గీతను చాలాసేపు చూసింది. చెయ్యి ఎత్తమంది. రక్తం పంపించింది. ఫలితం వచ్చిన రోజు మమ్మల్ని కూర్చోబెట్టి అడిగింది.

"ఇంట్లో బ్యాటరీలు విప్పే పనేమైనా ఉండాదా అమ్మా? పెయింటు పనులు? నాటు మందులు, భస్మాలు?"

"మాది గుడ్డ నేసే ఇల్లమ్మా," అన్నాడు బావ, అక్క తరఫున. "అట్లాంటి మురికి పనులు మా వంశంలో లేవు."

"మరి వంట దేంట్లో చేస్తారు?"

బావ మొహం వికసించింది. కుర్చీ ముందుకు జరుపుకుని, గొంతు తగ్గించి, కథ మొత్తం చెప్పాడు. తల్లి, కంచి, కరిగిన అడుగు, అటక, తండ్రి మగ్గం, సీసపు తూకాలు, తీపి. ఒక్క ముక్క వదల్లేదు. డాక్టరమ్మ ముందు వంగి విన్నది. "సీసపు" అన్న మాట దగ్గర ఆమె రాయడం ఆగిపోయింది. కథ అయ్యాక అక్క వైపు తిరిగి, "ఎన్నాళ్లుగా తాగుతా ఉండావమ్మా?" అని మాత్రం అడిగింది. బావను, "రేపు ఆ చెంబు తీసుకురండి," అన్నది.

మర్నాడు ఆయన పొద్దున బస్సుకే వచ్చాడు. కొత్త తువ్వాలులో చుట్టిన చెంబును ఒళ్లో పసిబిడ్డలా పట్టుకున్నాడు. బల్లమీద పెట్టి మూత ఎత్తాడు. మిరియాల ఘాటు, ఇంగువ వాసన గదంతా కమ్ముకున్నాయి. చెంబు నిండా చారు.

"తెల్లార్తోనే లేసి నా సేత్తో కాసినానమ్మా. ఒగ్గ గ్లాసు తాగి సూడు. ఆ తరవాత నువ్వేం సెప్పినా ఇంటా."

ఆసుపత్రిలో, భార్య మణికట్టు వాలిపోయి పక్కన కూర్చుని ఉండగా, ఆ మనిషి తాను తెచ్చిన గ్లాసును చొక్కా అంచుతో తుడుస్తున్నాడు. డాక్టరమ్మ నర్సును పిలిచి, "కొంచెం సీసాలో పట్టమ్మా, పరీక్షకు పంపాల," అన్నది. బావ నా వైపు చూసి కన్ను గీటాడు. తన చారు పరీక్షకు నిలబడుతుందని ఆయన ధీమా.

అక్క రక్తంలో డెసిలీటరుకు యాభై రెండు మైక్రోగ్రాముల సీసం ఉంది. ఐదు దాటితేనే ఎక్కడినుంచి వస్తున్నదో వెతకాలట. చారులో ఎంతుందో చెప్పనవసరం లేదు, ఆ చారే కారణమని తేలింది. బావ రక్తం కూడా పరీక్షించారు. పద్నాలుగు. ఆ అంకె వినగానే ఆయన వెన్ను నిటారుగా అయింది.

"సూసినావా బామ్మర్దీ! నేను తాగిందీ అదే సెంబు, అదే సారు. తప్పు సెంబుది అయితే నాకు యాల పట్టలా?"

డాక్టరమ్మ ఓపికగా చెప్పింది. ఆమె చెప్పిన తీరు నాకు ఇప్పటికీ గుర్తుంది.

"కడుపు ఖాళీగా ఉండి, ఒంట్లో ఇనుము తక్కువై, పాలూ పెరుగూ లేకుంటే పేగు వాటికోసం అల్లాడతా ఉంటాది. సీసం వచ్చినా అదీ అట్లాంటిదేననుకోని లోపలికి లాక్కుంటాది. మీరు పప్పూ నెయ్యీ తిని, నిండు కడుపున తాగినారు, పైన పెరుగన్నం. మీ పేగు చాలావరకు బయటికి తోసేసింది. ఈ యమ్మ ఏం తినకుండా, పొద్దున్నుంచీ చెంబులో నానిన అడుగు చారు తాగింది."

"అంటే తప్పు మీ యక్క కడుపుదే గదప్పా!" అన్నాడు బావ.

తర్వాతి సంగతి నేను విడిగా అడిగి తెలుసుకున్నాను. పేగు దాటిన సీసం రక్తంలో చేరుతుంది. చేరినది దాదాపంతా ఎర్రకణాల్లో కూర్చుని ఒళ్లంతా తిరుగుతుంది. రక్తపు నీటిలో మిగిలేది అతి స్వల్పం, కానీ అవయవాలకు చేరేది ఆ స్వల్పమే. కాలేయానికి, మూత్రపిండాలకు, నరాలకు, మెదడుకు అట్లాగే పోతుంది. ఎర్రరక్తం తయారయ్యే పనినీ చెడగొడుతుంది, అక్క పాలిపోయింది అందుకే. చివరికి ఎముకకు చేరి, కాల్షియం ఉండవలసిన చోట కుదురుకుంటుంది. కొత్తగా రావడం ఆగితే రక్తంలోది నెలరోజుల్లో సగం తగ్గుతుంది. ఎముకలోది పదుల ఏళ్లు ఉంటుంది. రక్తంలోని అంకె ఈమధ్య తాగినదాన్నే చూపిస్తుంది, దాచినదాన్ని చూపించదు. ఇదంతా వింటుంటే నాకు బావ మోచేతినుంచి పైకి నాకుతూ వచ్చే నాలుకే కళ్లముందు కదిలింది.

చెంబు వాడకూడదు, ఒక్కపొద్దులు మానాలి, వేళకు పప్పూ పాలూ పడాలి, ఇనుము మాత్రలు వేసుకోవాలి, సీసాన్ని మూత్రంలో బయటికి పంపే మందు కొన్నాళ్లు వాడాలి. ఇవీ షరతులు. బావ అన్నింటికీ తలూపి, చెంబు కడిగించుకుని, తువ్వాలులో చుట్టుకుని ఇంటికి పట్టుకెళ్లాడు. దాన్ని పూజగదిలో పెడతానన్నాడు. మందు వాడాక అక్క అంకె ముప్పై ఒకటికి దిగింది. రెండు నెలల తర్వాత మళ్లీ చూస్తే నలభై ఏడు.

"ఎముకలోంచి వచ్చిందా?" అని అడిగాను.

"రెండు నెలల్లోనే, ఇంత బిన్నా, ఇంత రాదు సార్. ఇంట్లోంచే వచ్చింది," అన్నది డాక్టరమ్మ.

ఒక గురువారం చెప్పకుండా నగరికి వెళ్లాను. బావ భోజనానికి కూర్చుని ఉన్నాడు. ఆయన ముందు తళతళలాడే స్టీలు గిన్నె. అందులోంచి వచ్చే వాసన స్టీలుది కాదని నాలాంటి మొద్దు ముక్కుకు కూడా తెలిసింది. వెనక వసారాలోకి వెళితే అక్క ఈయం చెంబును ఎడమచేత్తో పట్టుకుని, లేవని కుడిచేతిని కింద ఆనించి, ఇంకో స్టీలు గిన్నెలోకి చారు వంచుతున్నది.

"అక్కా!"

"అరవద్దురా. ఆయన భోంచేస్తాండాడు."

"నువ్వు తాగుతాండావా?"

"నేనెందుకు తాగుతా. ఆయనకు మాత్రమే. స్టీలులో కాస్తే ముద్ద దిగలేదని లేసిపోతాడు. వారం రోజులు అట్లే సేసినాడు. నేనేం సెయ్యాల?"

"ఉప్పు చూసేదెవరు?"

అక్క స్టీలు గిన్నె మీద మూత పెట్టింది.

"అడుగున మిగిలింది?"

"పారబోస్తే పాపం గదరా," అన్నది. మా అక్క జీవితంలో అబద్ధం అంతవరకే చెప్పగలదు.

బావ చెయ్యి కడగకుండానే వచ్చాడు. "ఏం బామ్మర్దీ, సెప్పాపెట్టకుండా దిగినావే! కూసో, సారు పోపిస్తా."

"ఈ చెంబు నేను తీసుకుపోతాండాను బావా."

"మా యమ్మ సెంబు మింద నీకేం హక్కప్పా? మీ యక్కను ఇచ్చినారు గానీ మా సెంబును మీకు రాసిచ్చినామా?" అని నవ్వుతూనే ఎంగిలి చేత్తో చెంబు అంచు పట్టుకున్నాడు. నేను రెండో అంచు పట్టుకున్నాను. ఇద్దరు పెద్దమనుషులు వసారాలో చెంబు కోసం గుంజులాడుకున్నారు. అది పక్కకు ఒరిగి పొగలు కక్కుతున్న చారు అక్క పాదాల మీద పడింది. అక్క "అమ్మా!" అని గోడ పట్టుకుంది. బావ వెంటనే వంగాడు. అక్క పాదాలు చూడడానికేమో అనుకున్నాను. ఆయన చెంబులోకి తొంగి చూశాడు.

"సగం పాయ," అన్నాడు.

ఆ చూపు అక్క చూసింది. ఆమె మొహంలో కోపం లేదు, ఏడుపు లేదు. మగ్గం మీద గుడ్డలో ఎక్కడో తప్పు పోగు దొరికినప్పుడు నేతవాళ్లు ఎట్లా చూస్తారో అట్లా ఆయన్ని చూసింది. లోపలికి వెళ్లి పాదాల మీద నీళ్లు పోసుకుని, సంచిలో రెండు చీరలు పెట్టుకుని వచ్చింది.

"పదరా," అన్నది నాతో. చెంబు నా చేతుల్లోనే ఉంది.

"యాడికి మే?" అన్నాడు బావ. "రాత్రికి ఏం తినాల నేను?"

అక్క తిరుపతిలో మా ఇంట్లో ఏడు నెలలు ఉంది. మొదటి వారం పన్నెండున్నరకు అన్నం పెడితే ఎవరో తరుముతున్నట్టు తినేది, మూడుసార్లు లేచి గిన్నెలు సర్దేది. తర్వాత కుదుటపడింది. బావ ఆదివారాలు వచ్చేవాడు. గుమ్మంలో నిలబడి ముందు మా వంటింటి వైపు ముక్కు తిప్పేవాడు. "ఈడ పెట్టేది సారా, పశువుల కుడితా?" అనేవాడు. అక్క చెయ్యి ఎట్లా ఉందని ఒక్కసారి అడగలేదు. ప్రతిసారీ అడిగింది ఒకటే: "సెంబు యాడ పెట్టినావు?" దాన్ని డాక్టరమ్మకు ఇచ్చేశానని, విద్యార్థులకు చూపించడానికి ఉంచుకుందని చెప్పాక, ఆయన ఆసుపత్రికి వెళ్లి ఒకసారి చూపించమన్నాడట. చూపిస్తే మూత ఎత్తి, ఒక ముక్కు మూసుకుని, వాసన చూశాడట. "సోపు పెట్టి తోమినారు. సెడగొట్టినారు," అని వెళ్లిపోయాడట.

అంకె పద్దెనిమిదికి దిగాక అక్క తనంతట తానే నగరికి వెళ్లింది. వద్దన్నాను. "నా ఇల్లు గదరా," అన్నది. వెళ్లేముందు ఆయనతో మా వీధరుగు మీద మాట్లాడింది. "పన్నెండున్నరకు నేనూ తింటా. నీతో కూసోని తింటా. స్టీలు గిన్నెలోనే కాస్తా. దిగకపోతే హోటలు ఉండాది." ఆయన గొంతు తగ్గించి ఏదో గొణిగాడు. అక్క వంగి వినలేదు. ఆ తర్వాత ఆయన బతికినన్నాళ్లూ ఆమె ఎదురుగా మొహం గోడకు తిప్పుకుని తిన్నాడు. ఊళ్లోవాళ్లు ఆయన మీద జాలిపడ్డారు. నాలుక తెలిసిన మనిషికి ఇట్లాంటి గతి పట్టిందన్నారు. గుండె ఆగి పోయాడు. సీసానికీ దానికీ సంబంధం ఉన్నదో లేదో ఎవరూ అడగలేదు, నేనూ అడగలేదు.

కర్మంతరం రోజున ఆయన వైపు పెద్దముత్తయిదువలు అక్కను మూల గదిలో కూర్చోబెట్టి నియమాలు చెప్పారు. సంవత్సరీకం దాకా ఒంటిపూట భోజనం. పాలు, పెరుగు వద్దు. "అంత రుసిగా బతికినాయన. నువ్వు నోరు కట్టుకుంటే ఆయప్పకు తృప్తి," అని ఒకామె అన్నది. అక్క తలూపింది. పెళ్లయినప్పటినుంచీ ఆ ఇంట్లో తలూపే అలవాటు ఆ మెడకు ఉంది. నేను విస్తరి ముందునుంచి లేచింది అంతకు గంట క్రితమే. చెప్పవలసినది చెప్పాను. "మొగోనివి, నీకేం తెలుసప్పా ఈ పద్ధతులు," అన్నారు.

సెప్టెంబరులో పరీక్షకు వస్తే, పద్నాలుగు దాకా దిగి నిలబడిన అంకె ఇరవై రెండు అయింది. చెంబు లేదు. బావ లేడు. ఇంట్లో అన్నీ స్టీలు గిన్నెలే. డాక్టరమ్మ అక్క బరువు చూసి, ఏం తింటున్నావని అడిగి, విని, కాగితం పక్కన పెట్టింది.

"ఒంటికి కాల్షియం చాలకుంటే ఎముకను తవ్వుకుంటాది అమ్మా. కాల్షియం వచ్చేటప్పుడు దాంతోపాటు దాచిపెట్టిన సీసం కూడా రక్తంలోకి వస్తాది. నువ్వు ఒక్కపొద్దు ఉండే కొద్దీ ఆ పాత చారు మళ్లీ తాగినట్టే."

అక్క తన మణికట్టును చూసుకుంది.

"సచ్చి కూడా తాపిస్తాండాడా!" అన్నది.

నాకు తెలిసి ఆమె ఆయన్ని ఒక మాట అన్నది అదే మొదలు. మరునాడు నగరిలో ఆ ముత్తయిదువలు వచ్చి కూర్చున్న వేళ, సరిగ్గా పన్నెండున్నరకు, నట్టింట్లో పీట వేసుకుని పప్పూ నెయ్యీ కలుపుకుని తిన్నది. గిన్నెడు పెరుగు పోసుకుంది. వాళ్లలో ఒకామె ముక్కు మీద వేలేసుకుని, "సంవత్సరం తిరగలేదే తల్లీ! ఆయప్ప ఆత్మ ఏమైతాది?" అన్నది. అక్క నోట్లో ముద్ద మింగి, "ఆయన ముద్ద ఆయన తినే పోయినాడమ్మా," అని ఇంకొంచెం పెరుగు పోసుకుంది.

డిసెంబరు ఆఖరుకు లెక్క ఇది. పోయినవి: కుడిచేతి పట్టులో పావువంతు, వాకిట్లో ముగ్గు, రెండు పాదాల మీద చర్మం రంగు, రెండు ఒక్కపొద్దులు, చుట్టాల్లో కొందరి రాకపోకలు. ఉన్నవి: మనిషి, మధ్యాహ్నం వేళకు అన్నం, పెరుగు గిన్నె, రక్తంలో డెసిలీటరుకు పదహారు మైక్రోగ్రాములు. ఎముకల్లో ఎంత ఉన్నదో కొలిచే సాధనం ఇక్కడెక్కడా లేదని డాక్టరమ్మ చెప్పింది.